ఆ తేదీ ఎవరిది?

గత సంచికతో పాటు ఇచ్చిన ప్రత్యేక అనుబంధంలో, ప్రపంచ చరిత్రలో పేరుమోసిన హత్యలు, దోపిడీలు, అపహరణలను ఏడాదిలోని పన్నెండు నెలలకూ తేదీల వారీగా పేర్చి ప్రచురించాం. దానిపై వచ్చినన్ని ఉత్తరాలు ఈ మధ్య కాలంలో మరే అనుబంధానికీ రాలేదు. మెచ్చుకున్నవారు ఉన్నారు, నొచ్చుకున్నవారు ఉన్నారు, తప్పులు ఎత్తి చూపినవారూ ఉన్నారు. ఒకే సంగతిని అడిగిన ఉత్తరాలను ఒకచోట చేర్చి, ఈసారి శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాం. రాసినవారి పేర్లు, ఊర్లు ఇవ్వడం లేదు. ఒకటి రెండు ఉత్తరాల్లోని విషయం అలా ఇవ్వదగినది కాదు.

ప్రశ్న: మార్చి 13 కింద కిట్టీ జెనోవీస్ హత్య గురించి రాస్తూ, ఒక యువతిని అరగంట సేపు పొడిచి చంపుతుంటే 38 మంది ఇరుగుపొరుగువారు కిటికీల్లోంచి చూస్తూ ఊరుకున్నారని పేర్కొన్నారు. నేను కళాశాలలో మనస్తత్వశాస్త్రం బోధిస్తాను. ఇరవై ఏళ్లపాటు నేను కూడా ఇదే కథను తరగతిలో చెప్పి, అది నిజం కాదని ఆలస్యంగా తెలుసుకున్నాను. మీరు సవరణ వేయవలసిన అవసరం లేదా?

జవాబు: ఉంది. మీరు చెప్పింది నిజం, మేము రాసింది తప్పు. ఒక పంక్తి సవరణతో సరిపెట్టకుండా, ఆ తప్పు ఎలా పుట్టిందో, అంతకాలం ఎలా బతికిందో కూడా చెప్పవలసిన బాధ్యత మాపై ఉంది.

1964 మార్చి 13న తెల్లవారుజామున మూడు గంటలు దాటాక, 28 ఏళ్ల కిట్టీ జెనోవీస్ తాను మేనేజరుగా పనిచేస్తున్న బారు నుంచి న్యూయార్క్ నగరం క్వీన్స్ ప్రాంతంలోని క్యూ గార్డెన్స్‌కు తిరిగి వచ్చి, రైల్వేస్టేషన్ దగ్గర కారు నిలిపి ఇంటివైపు నడుస్తుండగా, ముక్కూమొహం తెలియని విన్‌స్టన్ మోస్లీ అనే వ్యక్తి వెంటబడి కత్తితో పొడిచాడు. ఆమె కేకలు విని, ఎదురు భవనం కిటికీలోంచి ఒకాయన ఆ అమ్మాయిని వదిలిపెట్టమని గట్టిగా అరవడంతో అతడు పారిపోయాడు. ఆమె ఆ గాయాలతోనే భవనం వెనుక వైపుకు చేరుకుని, ఒక గుమ్మం లోపల పడిపోయింది. కొద్ది నిమిషాల తరువాత అతడు తిరిగి వచ్చి, వెతుక్కుంటూ వెళ్లి, అక్కడ మళ్లీ దాడి చేశాడు. ఆ రెండో దాడి జరిగిన చోటు, వీధివైపు కిటికీలు ఉన్నవారెవరికీ కనిపించేది కాదు.

రెండు వారాలు గడిచాక, మార్చి 27న, న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో వచ్చిన వార్త ఈ సంఘటనను మరో రకంగా చెప్పింది. దాని ప్రకారం దాడులు మూడు, చూసినవారు 38 మంది, వ్యవధి అరగంటకు పైనే. ఆ 38 అనే అంకె, పత్రిక నగర వార్తల సంపాదకుడు పోలీసు కమిషనరుతో కలిసి భోజనం చేస్తున్నప్పుడు ఆయన నోట విన్నది. నిజానికి దాడులు రెండే. జరుగుతున్నది హత్య అని చూసి గ్రహించగలిగినవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మిగిలినవారిలో చాలామంది నిద్రమత్తులో ఏదో కేక విని, తాగినవాళ్ల గొడవ అనో, ఆలుమగల తగాదా అనో అనుకున్నవారే. తాము పోలీసులకు ఫోన్ చేశామని చెప్పినవారూ ఉన్నారు. అన్నిటికంటే ముఖ్యంగా, సోఫియా ఫరార్ అనే పొరుగింటి ఆవిడ, హంతకుడు వెళ్లిపోయాడో అక్కడే ఉన్నాడో తెలియకపోయినా, ఆ చీకట్లో మెట్లు దిగి పరుగెత్తి, నెత్తురోడుతున్న కిట్టీని చేతుల్లోకి తీసుకుని, సాయం అందేదాకా పట్టుకుని కూర్చుంది.

‘ఎవరూ రాలేదు’ అని ఈ కథను చెప్పిన ప్రతిసారీ మనం ఆ ఒక్క మనిషిని చరిత్రలోంచి తుడిచేశాం. అక్క చనిపోయేనాటికి 16 ఏళ్లవాడైన కిట్టీ తమ్ముడు, ఆమె ఒంటరిగా ప్రాణం విడవలేదన్న సంగతిని దశాబ్దాల తరువాత స్వయంగా వెతికి తెలుసుకోవలసి వచ్చింది. ఆ కుటుంబానికి అంత ఊరటనిచ్చే వాస్తవం, పత్రిక చెప్పిన కథ కింద అన్నేళ్లు కప్పబడి ఉండిపోయింది.

ఈ వార్త ప్రేరణతో 1968లో మనస్తత్వశాస్త్రవేత్తలు జాన్ డార్లీ, బిబ్ లటానే జరిపిన ప్రయోగాలు మాత్రం వాటికవి నిలబడగలిగినవే. పక్కన మరికొందరు ఉన్నారని తెలిసినప్పుడు మనిషిలో ‘నేనే కదలాలి’ అన్న భావన తగ్గుతుందని అవి చూపించాయి. కాబట్టి తరగతిలో ఆ పాఠాన్ని వదులుకోనక్కరలేదు, దానికి ముందు చెప్పే కథను మార్చుకుంటే చాలు. ఆ పాత కథనాన్ని ప్రశ్నించే వ్యాసం, హత్య జరిగి 40 ఏళ్లు నిండిన 2004లో, అదే పత్రికలో వచ్చింది. 2016లో మోస్లీ జైల్లో మరణించినప్పుడు, 1964 నాటి తమ వార్తలో లోపాలున్నాయని ఆ పత్రిక స్వయంగా ఒప్పుకుంది. ఏటేటా తిరిగి వచ్చే తేదీ వల్ల కలిగే మేలు ఇలాంటిదే: పాత కాగితాలను మళ్లీ తీసి చూడడానికి ఒక నెపం దొరుకుతుంది. మేము ఆ పని చేయకుండా పాత కథనే మళ్లీ అచ్చువేశాం. మార్చి 13 కింద ఉన్న ఆ నాలుగు పంక్తులను కొట్టివేసి, వాటి స్థానంలో సోఫియా ఫరార్ పేరు రాసుకోవలసిందిగా పాఠకులను కోరుతున్నాం.

ప్రశ్న: మీ అనుబంధంలో హంతకుల పేర్లు లావుపాటి అక్షరాల్లో ఉన్నాయి. చనిపోయినవారు మాత్రం ‘ఐదుగురు స్త్రీలు’, ‘ఏడుగురు’, ‘పద్నాలుగు మంది’ అన్న లెక్కలుగా మిగిలారు. ఇలాంటి స్మరణ వల్ల నేరస్థుడికి కీర్తి పెరగడం తప్ప ప్రయోజనం ఏమిటి?

జవాబు: ‘ఐదుగురు స్త్రీలు’ అని మేము రాసింది 1888 నాటి లండన్ వైట్‌చాపెల్ హత్యల గురించి. ఆ హంతకుడు ఎవరో నేటికీ ఎవరికీ తెలియదు. అయినా అతడికి ప్రపంచమంతటా తెలిసిన పేరు ఒకటి ఉంది. ‘జాక్ ద రిప్పర్’ అన్న ఆ పేరు, ఆ సెప్టెంబరు చివరలో ఒక వార్తాసంస్థకు ఎర్ర సిరాతో రాసి పంపిన ఉత్తరం కింద సంతకంగా వచ్చింది. అది హంతకుడు రాసింది కాదనీ, సంచలనం కోసం ఎవరో పత్రికా విలేకరి సృష్టించిందనీ పోలీసు అధికారులే తరువాత అభిప్రాయపడ్డారు. అంటే, లేని పేరును పుట్టించి, దానికి 130 ఏళ్లకు పైగా కీర్తి కట్టబెట్టి, ఉన్న పేర్లను మరచిపోయాం.

ఆ పేర్లు ఇవి: మేరీ ఆన్ నికోల్స్, ఆనీ చాప్‌మన్, ఎలిజబెత్ స్ట్రైడ్, కేథరిన్ ఎడ్డోస్, మేరీ జేన్ కెల్లీ. నికోల్స్ ఐదుగురు బిడ్డల తల్లి. ఆగస్టు 31 తెల్లవారకముందు ఆమె వీధిలో ఉండడానికి కారణం, పడక అద్దెకు ఇవ్వవలసిన నాలుగు పెన్నీలు లేవని బసగృహంవారు ఆమెను బయటికి పంపడమే. స్ట్రైడ్ స్వీడన్‌లో పుట్టి, పొట్టకూటికి లండన్ చేరింది. మద్యం మత్తులో ఉందని పోలీసులు తీసుకుపోయిన ఎడ్డోస్‌ను సెప్టెంబరు 30న రాత్రి ఒంటిగంటకు ఠాణా నుంచి వదిలిపెట్టగా, ముప్పావుగంట తిరగకముందే మైటర్ స్క్వేర్‌లో ఆమె శవం కనిపించింది. ఈ వివరాలు చదివినప్పుడు మనకు తెలిసివచ్చేది ఒక మాయావి హంతకుడి చాకచక్యం కాదు, ఆనాటి లండన్‌లో పేద స్త్రీకి రాత్రిపూట తలదాచుకునే చోటు ఎంత కరువో తెలుస్తుంది. నా దృష్టిలో ఆ నేరం చరిత్ర అనిపించుకునేది అక్కడే.

‘పద్నాలుగు మంది’ అని రాసినది 1989 డిసెంబరు 6న మాంట్రియల్‌లోని ఎకోల్ పాలిటెక్నిక్ ఇంజనీరింగు కళాశాలలో జరిగిన కాల్పుల గురించి. ఒక సాయుధుడు తరగతి గదిలోకి చొరబడి, మగవారిని బయటికి పంపి, ఆడపిల్లలను విడిగా నిలబెట్టి కాల్చాడు. ఆ రోజు అతడి చేతిలో చనిపోయిన 14 మందీ స్త్రీలే. 1991 నుంచి కెనడాలో డిసెంబరు 6ను స్త్రీలపై హింసను స్మరించి దానిపై పోరాడే జాతీయ దినంగా పాటిస్తున్నారు. 25 ఏళ్లు నిండిన 2014 నుంచి, ఆ సాయంత్రం మౌంట్ రాయల్ కొండ మీద ఒక్కొక్క పేరునూ చదువుతూ, పేరుకొక కాంతిపుంజం చొప్పున 14 దీపకిరణాలను ఆకాశంలోకి వదులుతున్నారు. అక్కడ హంతకుడి పేరు ఎవరూ పలకరు. 2019 మార్చి 15న న్యూజిలాండ్ క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 51 మందిని చంపినవాడి పేరును తాను ఎన్నడూ ఉచ్చరించబోనని నాటి ప్రధాని జసిండా ఆర్డెర్న్ పార్లమెంటులోనే ప్రకటించారు.

అయితే నేరస్థుడి పేరును పూర్తిగా చెరిపివేయడం సాధ్యం కాదు, అన్నివేళలా మంచిదీ కాదు. ఎవరు చేశారన్నది న్యాయస్థానం తేల్చిన వాస్తవం. దాన్ని దాచితే పుకార్లకు చోటు దొరుకుతుంది. పై జవాబులో మోస్లీ పేరు నేను రాసింది అందుకే. కానీ పేరు చెప్పడం వేరు, దానికి బిరుదులు తగిలించి బొమ్మ కట్టడం వేరు. ఇకమీదట మా పుటల్లో లావుపాటి అక్షరాలు చనిపోయినవారి పేర్లకే ఉంటాయి.

ప్రశ్న: నవంబరు 5న గై ఫాక్స్ కుట్ర బయటపడిందని రాశారు. అప్పటి పంచాంగం ప్రకారం ఆ తేదీ, ఇప్పటి లెక్కలో ఆ రోజు కాదు కదా?

జవాబు: కాదు. రాజును చంపేందుకు కొందరు కాథలిక్కులు పన్నిన కుట్రలో భాగంగా, పార్లమెంటు భవనం కింద 36 పీపాల తుపాకి మందుతో గై ఫాక్స్ పట్టుబడిన 1605 నవంబరు 5, ఇంగ్లండ్ అప్పుడు అనుసరిస్తున్న జూలియన్ గణన ప్రకారమైన తేదీ. ఐరోపాలోని కాథలిక్ దేశాలు అప్పటికే అంగీకరించిన గ్రెగోరియన్ గణనలో అది నవంబరు 15. ఇంగ్లండ్ 1752లో లెక్క మార్చుకున్నప్పుడు సెప్టెంబరు 2 తరువాతి రోజును 14గా ప్రకటించారు. అయినా కుట్ర భగ్నమైనందుకు గుర్తుగా ఏటా నవంబరు 5న మంటలు వేసే ఆచారం ఆ తేదీకే అంటిపెట్టుకుని ఉండిపోయింది. ఫాక్స్ మరణశిక్ష తేదీలోనూ ఇదే చిక్కు ఉంది: మనం 1606 జనవరి 31 అంటున్న రోజు, మార్చి 25తో సంవత్సరాది మొదలయ్యే ఆనాటి ఇంగ్లిషు లెక్కలో ఇంకా 1605లోనే ఉంది.

నేరం జరిగిన రోజును ఏటా స్మరించాలని ఒక రాజ్యమే శాసించడానికి ఇది అరుదైన ఉదాహరణ. ఆ రోజు కృతజ్ఞతా ప్రార్థనలు జరపాలన్న 1606 నాటి చట్టాన్ని 1859లో గాని రద్దు చేయలేదు. అది రాజును కాపాడిన దేవుడికి కృతజ్ఞత చెప్పే పండుగగా మొదలైనా, కాథలిక్కుల మీద ద్వేషాన్ని ఏటేటా రాజేసే రోజుగా కూడా చాలాకాలం పనిచేసిందన్నది గుర్తుంచుకోవలసిన సంగతి.

ప్రశ్న: హత్యల సంగతి సరే. మోనాలిసా దొంగతనం, 1963 నాటి ఇంగ్లండ్ రైలు దోపిడీ లాంటివి చదువుతుంటే, ఆ తెలివికి ఆశ్చర్యం, ఆనందం కలుగుతాయి. అలా ఆనందించడం తప్పా?

జవాబు: మోనాలిసా విషయంలో మీ ఆనందానికి నేను అడ్డురాను. 1911 ఆగస్టు 21 సోమవారం, పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం సందర్శకులకు మూసి ఉన్న రోజున, అక్కడ చిత్రాలకు గాజు పలకలు బిగించే పని చేసి వెళ్లిన విన్‌చెన్జో పెరూజా ఆ చిత్రాన్ని గోడ మీంచి దింపి పట్టుకుపోయాడు. పోయిందని గుర్తించింది మర్నాడు. మ్యూజియం తిరిగి తెరిచాక, చిత్రం ఉండవలసిన ఖాళీ గోడను చూడడానికి జనం బారులు తీరారు. రెండేళ్లకు పైగా తన బసలోనే దాచి ఉంచి, 1913 డిసెంబరులో ఫ్లోరెన్స్‌లో అమ్మబోయి అతడు దొరికిపోయాడు. చిత్రం క్షేమంగా ఇల్లు చేరింది, ఎవరికీ గాయం కాలేదు.

రైలు దోపిడీ అలాంటిది కాదు. 1963 ఆగస్టు 8 తెల్లవారుజామున, గ్లాస్గో నుంచి లండన్ వస్తున్న తపాలా రైలును బకింగ్‌హామ్‌షైర్‌లో ఆపడానికి, దొంగలు పచ్చ సిగ్నలుకు చేతి తొడుగు కప్పి, ఎర్ర దీపాన్ని బ్యాటరీలతో వెలిగించారు. దోచుకున్న మొత్తం 26 లక్షల పౌండ్లు. అందులో అధికభాగం మళ్లీ దొరకలేదు. ఇంతవరకూ అందరూ చెబుతారు. ఆ ముఠా ఇంజను ఎక్కుతూనే డ్రైవరు జాక్ మిల్స్ తల పగలగొట్టిందనీ, ఆయన ఆ దెబ్బ నుంచి పూర్తిగా ఎన్నడూ కోలుకోలేదనీ, 1970లో కేన్సరుతో చనిపోయేదాకా అది ఆయనను వెంటాడిందనీ చెప్పేవారు తక్కువ. ముఠాలో చిన్నపాటి పాత్ర ఉన్న రోనీ బిగ్స్ 1965లో జైలు గోడ దూకి, దేశాలు మారి, 2001 వరకు తిరిగి ఇంగ్లండ్ జైలు పాలవకుండా తప్పించుకున్నందుకు ప్రసిద్ధుడయ్యాడు. ఆగస్టు 8 వచ్చినప్పుడల్లా పత్రికలు అతడి బొమ్మనే వేస్తూ వచ్చాయి. పథకాన్ని చూసి మీరు ఆశ్చర్యపడండి, అది మానవ సహజం. కానీ ఆ కథ నుంచి జాక్ మిల్స్‌ను తప్పిస్తే తప్ప ఆనందించడం సాధ్యం కానప్పుడు, ఆ ఆనందానికి మూలం కథను సగమే చెప్పుకోవడం అవుతుంది.

ప్రశ్న: ‘కాలదోషం పట్టిన కేసు’ అంటారు. హత్యకు కూడా కాలదోషం పడుతుందా? అలాంటి చోట ఆ తేదీకి చట్టంలో విలువ ఉంటుందా?

జవాబు: ఉంటుంది, కొన్ని దేశాల్లో అదే అన్నిటికంటే కఠినమైన విలువ. జపాన్‌లో 1968 డిసెంబరు 10న, టోక్యో శివారులోని ఫుచూలో, ఒక కర్మాగారం ఉద్యోగుల బోనస్ సొమ్ము తీసుకెళ్తున్న బ్యాంకు కారును, పోలీసు మోటారుసైకిల్‌పై వచ్చినవాడిలా నటిస్తూ ఒకడు ఆపాడు. కారు కింద బాంబు ఉందంటూ లోపలికి దూరి, పొగ వచ్చేలా చేసి, అందరూ దూరంగా పరుగెత్తగానే అదే కారు నడుపుకుంటూ పోయాడు. పోయిన సొమ్ము 29,43,07,500 యెన్‌లు. దేశమంతా గాలించినా దొరకలేదు. ఏడేళ్లు నిండిన 1975 డిసెంబరు 10తో దొంగను శిక్షించే గడువు తీరిపోయింది. అప్పటివరకు ఏటా వచ్చిన డిసెంబరు 10, దర్యాప్తు అధికారులకు గడియారం ముల్లు లాంటిది.

హత్యల విషయంలో ఇదే నియమం అమలవుతుంటే హతుల ఇంట్లో ఎలా ఉంటుందో ఊహించండి. ఒక్కొక్క సంవత్సరీకం నాటికి దుఃఖంతో పాటు గడువు తరిగిపోతోందన్న భయం కూడా చేరుతుంది. జపాన్‌లో హతుల బంధువులు సంఘంగా ఏర్పడి కోరగా, 2010 ఏప్రిల్‌లో మరణశిక్ష పడదగిన హత్యలకు కాలపరిమితిని ఎత్తివేశారు. అదే ఏడాది జూలైలో స్వీడన్ కూడా హత్యకు ఉన్న 25 ఏళ్ల గడువును తొలగించింది. ప్రధాని ఓలోఫ్ పాల్మే 1986 ఫిబ్రవరి 28 రాత్రి అంగరక్షకులు లేకుండా భార్యతో సినిమా చూసి నడిచి వెళ్తుండగా స్టాక్‌హోమ్ నడివీధిలో కాల్చివేయబడ్డాడు. పాత చట్టమే ఉంటే ఆ కేసు 2011 ఫిబ్రవరితో ముగిసేది. చివరికి 2020 జూన్‌లో, ఎన్నడో మరణించిన ఒక వ్యక్తిని అనుమానితుడిగా పేర్కొంటూ ప్రాసిక్యూటరు దర్యాప్తు మూసివేశాడు. ఆయుధం దొరకలేదు. ఆ ఆరోపణ ఏ న్యాయస్థానం ముందూ పరీక్షకు నిలవలేదు గనుక, ‘హంతకుడు తేలాడు’ అని మా అనుబంధంలో రాసిన వాక్యాన్ని కూడా ఉపసంహరించుకుంటున్నాం.

ప్రశ్న: మా దగ్గరి బంధువు ఒకరు చాలా ఏళ్ల క్రితం హత్యకు గురయ్యారు. అప్పట్లో పత్రికలన్నీ రాసిన కేసు అది. ఇప్పటికీ ఆ తేదీ దగ్గరపడుతుంటే ఫోన్లు వస్తాయి. మాట్లాడితే బాధ, మాట్లాడకపోతే మరచిపోయామన్న నింద. ఏం చేయమంటారు?

జవాబు: మీరు ఎవరికీ ఏమీ బాకీ లేరు. ఫోను ఎత్తకపోవడానికి మీరు కారణం చెప్పనక్కరలేదు, ఎత్తినా ఇష్టమైనంతే మాట్లాడవచ్చు. ఆ నింద వేసేవారు మీ ఇంట్లో ఆ తేదీ ఎలా గడుస్తుందో చూడరు. మా వృత్తిలో జరిగిన ఘోరం ఒకటి ఇక్కడ చెప్పాలి. 1947 జనవరి 15న లాస్ ఏంజెలెస్‌లో 22 ఏళ్ల ఎలిజబెత్ షార్ట్ శవం దొరికినప్పుడు, ఆమె తల్లికి మరణవార్త అందకముందే విలేకరులు ఫోన్ చేసి, మీ అమ్మాయి అందాల పోటీలో గెలిచిందని అబద్ధం చెప్పి, ఆ సంతోషంలో ఆమె చెప్పిన వివరాలన్నీ రాసుకుని, ఆ తరువాత అసలు సంగతి చెప్పారు. ఆ కూతురిని లోకం నేటికీ పత్రికలు పెట్టిన ‘బ్లాక్ డాలియా’ అన్న పేరుతోనే పిలుస్తోంది. ఫోను చేసేవాడి గొంతు ఎంత మెత్తగా ఉన్నా, కాదనే హక్కు మీకుంది.

మాట్లాడాలనిపిస్తే, మీ మాటగానే మాట్లాడండి. డొమినికన్ రిపబ్లిక్‌లో నియంత ట్రుహీయోను ఎదిరించిన మిరాబాల్ అక్కచెల్లెళ్లు పాత్రియా, మినెర్వా, మరియా తెరెసాలను 1960 నవంబరు 25న, వారి డ్రైవరు రుఫీనో దె లా క్రుస్‌తో సహా, అతడి మనుషులు కొట్టి చంపి, ప్రమాదంలా కనిపించేందుకు జీపును లోయలోకి తోశారు. మిగిలిన సోదరి దేదే, తల్లి లేని పిల్లలను పెంచి, ఆ ఇంటిని మ్యూజియంగా నిలిపి, 2014లో కన్నుమూసేదాకా అక్కడికి వచ్చినవారికి తన తోబుట్టువుల గురించి చెబుతూనే ఉంది. వారు ఎలా చచ్చిపోయారన్నదాని కంటే ఎలా బతికారన్నదే ఆమె ఎక్కువగా చెప్పాలనుకున్నది. లాటిన్ అమెరికా స్త్రీల సంఘాలు 1981లో ఎంచుకున్న ఆ నవంబరు 25నే ఐక్యరాజ్యసమితి 1999లో స్త్రీలపై హింసా నిర్మూలన దినంగా ప్రకటించింది. ఇదంతా మీరూ చేయాలని నా ఉద్దేశం కాదు. ఆ రోజున దీపం వెలిగించి తలుపు వేసుకోవడం కూడా స్మరణే.

ప్రశ్న: నేరం జరిగిన చోట ఫలకం పెట్టడం వల్ల ఉపయోగం ఉంటుందా? చూసి పోయేవారికి అది వింతే కదా?

జవాబు: ఫలకం మీద ఏం రాశారన్నదాన్ని బట్టి ఉంటుంది. మాంట్రియల్‌లో 14 మంది స్త్రీల స్మారక ఉద్యానంలోని ఫలకం చాలాకాలంపాటు ఆ ఘటనను ‘విషాదం’ అని మాత్రమే పేర్కొంది. చనిపోయినవారు స్త్రీలనీ, స్త్రీలైనందుకే చంపబడ్డారనీ అందులో లేదు. ముప్పై ఏళ్లు నిండిన 2019లో దాన్ని తీసివేసి, అది స్త్రీవాదాన్ని ద్వేషించి చేసిన దాడి అని స్పష్టంగా రాసిన ఫలకం పెట్టారు. అలా ఒక్క మాట మార్చడానికే మూడు దశాబ్దాలు పట్టింది.

ఇక ఫలకం ఎవరికీ పట్టని వింతే అయితే, దానిపై తుపాకి పేల్చేవారు ఉండరు. 1955 ఆగస్టు 28న అమెరికాలోని మిసిసిపీలో, దుకాణంలో ఒక శ్వేతజాతి స్త్రీతో అమర్యాదగా ప్రవర్తించాడన్న ఆరోపణపై, 14 ఏళ్ల నల్లజాతి బాలుడు ఎమెట్ టిల్‌ను బంధువుల ఇంటి నుంచి అర్ధరాత్రి ఎత్తుకుపోయి చంపి, టల్లహాచీ నదిలో పడేశారు. కొడుకుకు ఏం చేశారో లోకమంతా చూడాలని తల్లి మేమీ టిల్ చికాగోలో శవపేటిక మూత తెరిచే ఉంచింది. శ్వేతజాతి పురుషులే ఉన్న జ్యూరీ గంట పైచిలుకు సమయంలో ముద్దాయిలిద్దరినీ నిర్దోషులని వదిలిపెట్టింది. కొద్ది నెలలకే వారు ఒక పత్రిక నుంచి డబ్బు తీసుకుని, హత్య చేసింది తామేనని చెప్పుకున్నారు. ఒకే నేరానికి రెండోసారి విచారణ కుదరదు గనుక ఎవరూ ఏమీ చేయలేకపోయారు. శవం దొరికిన నది ఒడ్డున పెట్టిన ఫలకాన్ని ఒకసారి దొంగిలించారు, తరువాత పెట్టినవాటిని తూట్లు పడేలా పదేపదే కాల్చారు. 2019లో అక్కడ తూటాలకు చెక్కుచెదరని ఉక్కు ఫలకం నిలబెట్టారు.

మూకహత్యను సమాఖ్య నేరంగా చేసే చట్టం ఆ బాలుడి పేరు మీద 2022 మార్చిలో వచ్చింది. మరుసటి ఏడాది, ఆ నది ఒడ్డును, తీర్పు చెప్పిన న్యాయస్థాన భవనాన్ని, తల్లి పేటిక తెరిచి ఉంచిన చర్చిని కలిపి జాతీయ స్మారకంగా ప్రకటించారు. ఆ ప్రకటనపై అధ్యక్షుడు సంతకం చేయడానికి ఎంచుకున్న తేదీ ఆగస్టు 28 కాదు, జూలై 25. అది ఎమెట్ పుట్టినరోజు. బతికి ఉంటే ఆ రోజుకు అతనికి 82 ఏళ్లు నిండేవి.